కొత్త కుండలో వచ్చిన రాయి

రాజమహేంద్రవరం
1898 జనవరి 24

బావా,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ పిల్లలూ బాగున్నారనుకుంటాను. నీ చెల్లెలు వరహాలు పోయాక పని గురించి ఎవరికీ ఉత్తరం రాయలేదు. ఇదే మొదటిది.

ఈ నెల పన్నెండున పగలు మూడు గంటలకు తణుకు దగ్గర చేలలో ఒక రాయి పడింది. ఆకాశం నుంచి. చప్పుడు నిడదవోలు స్టేషనులో కూడా విన్నారు. చేను కోత అయిపోయి నేల ఎండి ఉంది. చూసినవాడు సామ్యేలు అని, ముప్పై ఏళ్ళ మనిషి. అక్కడి మిషన్ బడిలో పాఠాలు చెబుతాడు. జీతం చాలక కోతలకు వెళ్తాడు. పోయినేడు కాలేజీలో నేనిచ్చిన ఉపన్యాసం తలుపు దగ్గర నిలబడి విన్నాడట. అందుకని నాలుగో రోజున రాయిని నా దగ్గరికి తెచ్చాడు. మా ప్రయోగశాలలో అటెండరు పనికి అర్జీ కూడా పెట్టుకున్నాడు. ఆ అర్జీ ప్రిన్సిపాలు బల్ల మీద ఉంది.

రాయి చిన్న కొబ్బరికాయంత. బొగ్గులా ఉంది. గోరు తగిలితే పొడి రాలుతుంది. ఒక పక్క పెచ్చులు ఊడుతోంది. దాని స్వభావం అంతే అనుకుంటాను. ముప్పై నాలుగేళ్ళ క్రితం ఫ్రెంచి దేశంలో ఇలాంటి నల్లరాయి పడితే అందులో బొగ్గుపదార్థం ఉందని తేల్చారు. మన ఒంట్లో ఉండే బొగ్గు, నత్రజని భూమి దాటి కూడా కలిసి దొరుకుతాయా అన్నది ప్రశ్న. దొరికితే ప్రాణానికి కావలసిన సరుకు ఇక్కడొక్కచోటే లేదన్నమాట.

గాజుగొట్టంలో పొడి వేడి చేశాను. మొదట తారు వాసన. తర్వాత ఇంకొక వాసన. దాని సంగతి పరీక్ష పూర్తయ్యాక రాస్తాను. ఒక ముక్క పార్సెల్లో పంపుతున్నాను. నీ దగ్గర మంచి సూక్ష్మదర్శిని ఉంది.

సూర్యనారాయణమూర్తి


చెన్నపట్నం
1898 ఫిబ్రవరి 3

బావా,

ఏడాదిగా నోట మాట లేనివాడివి, మాట్లాడితే ఆకాశం గురించే మాట్లాడావు. సంతోషం. నీ రాత మాత్రం ఇంకా కోడి కెలికినట్టే ఉంది. కాలేజీలో నీ నోట్సు చూసి పరీక్ష రాసిన పాపానికి నాకు మూడో తరగతి వచ్చింది. గుర్తుందా?

మా ఆఫీసులో నా బతుకు నీకు తెలిసిందే. ఊరూరి నుంచీ జాడీల్లో వచ్చే కడుపులు, పేగులు. ఎవరు ఎవరికి ఏం పెట్టి చంపారో తేల్చడం. ఈ వారం కడప నుంచి వచ్చిన జాడీ మూత తీసినవాడు ఇంకా అన్నం ముట్టలేదు. అలాంటి బల్ల మీద నీ రాయి పెట్టుకున్నాను. పన్నెండేళ్ళలో ఇక్కడికి చావుతో సంబంధం లేకుండా వచ్చిన వస్తువు ఇదొక్కటే.

ఇక్కడ శాస్త్రసభ ఏప్రిల్లో కలుస్తుంది. నీ ఫలితం రాగానే నేను చదువుతాను.

వరహాలు సంవత్సరీకానికి రాలేను. సెలవు ఇవ్వలేదు. నిన్న పెట్టె సర్దుతుంటే అప్పుడు నువ్వు రాసిన ఉత్తరం కనిపించింది. ఆ కలరా వారంలో ఊళ్ళో మందే దొరకలేదని రాశావు. మందులూ విషాలూ పరీక్షించే ఆఫీసులో అన్న ఉండి చెల్లెలికి ఒక సీసా పంపలేకపోయాను. ఎవరిననుకోవాలి? మీ అక్కయ్య వెంకటరత్నమ్మ వదినగారిని అడిగానని చెప్పు. వైధవ్యంలో తన కష్టం తను చూసుకోకుండా నీ ఇల్లు నిలబెడుతోంది.

జగన్నాథం


రాజమహేంద్రవరం
1898 ఫిబ్రవరి 19

బావా,

సంవత్సరీకం అయింది. రాయడానికి ఏమీ లేదు.

రాయి సంగతి. సున్నం, సోడాతో కలిపి వేడి చేస్తే అమోనియా వచ్చింది. ఎర్ర లిట్మసు నీలమైంది. సోడియంతో కరిగించి ఇనుపలవణం కలిపితే ముదురు నీలిరంగు దిగింది. నత్రజని ఉంది. ఈథరులో నానబెడితే జిడ్డు దిగింది. కొవ్వులాంటిది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

హడావిడి పడకు. నీ పరీక్ష కూడా కానివ్వు.

ఇక్కడ నాకు రోత పుడుతోంది. రోజూ జనం. ఒక ప్లీడరుగారు రాయి మీద పువ్వు పెట్టారు. తీసి పారేశాను. పురాణంలో ఉందని ఒకరు, బైబిల్లో ఉందని ఒకరు. రాయిలో ఏముందని అడిగినవాడు లేడు. చిటికెడు పొడి తేనెలో రంగరించి పిల్లలకు నాకించవచ్చా అని ఒకాయన అడిగాడు. ఆయన బి.ఎ. నన్ను పొగిడేవాళ్ళు మరీ అసహ్యం. ఆకాశం నుంచి జీవం దింపిన మనిషినట. గోదావరి రేవు దాకా వెంటపడి చెబుతున్నారు.

పెళ్ళాం పోయినవాడికి దేవుడు ఏదో ఒకటి ఇస్తాడని కూడా ఒకాయన అన్నాడు. ఆయనతో మాట్లాడడం మానేశాను.

సూర్యనారాయణమూర్తి


చెన్నపట్నం
1898 మార్చి 1

బావా,

హడావిడి పడకన్నావు. పడ్డాను. సభ కార్యదర్శికి నీ ఉత్తరం చూపించాను. ఆయన పత్రికవాళ్ళకు చెప్పాడు. ‘గోదావరి మండలములో ఆకాశశిల: ప్రాణిద్రవ్యముల జాడ’ అని నిన్న అచ్చయింది. కత్తిరించి పంపుతున్నాను. నీ పేరు తప్పుల్లేకుండా వేశారు. నా పేరు వేయలేదు. ఫరవాలేదు, నీ బావమరిదినని ఊరంతా నేనే చెప్పుకుంటున్నాను.

పూర్తి వ్యాసం సభ సంచికలో వస్తుంది. నా పరీక్ష ఈ వారం మొదలుపెడతాను. లాంఛనమే అనుకో.

వరహాలు ఉంటే ఆ కత్తిరింపు వంటింటి గోడకు అంటించేది.

జగన్నాథం


చెన్నపట్నం
1898 మార్చి 17

బావా,

చదివే ముందు కూర్చో.

నువ్వు పంపిన ముక్కను నీళ్ళలో మరిగించి, వడగట్టి, ఆమ్లం వేసి చల్లార్చాను. సూదుల్లాంటి స్ఫటికాలు దిగాయి. అవేమిటో మా ఆఫీసులో నౌకరు కూడా చెప్పగలడు. గడ్డి తినే పశువు మూత్రంలో తప్ప అంత దండిగా ఎక్కడా ఉండవు. సూక్ష్మదర్శిని కింద పెడితే పొడిలో నమిలిన గడ్డిపీచు. జిడ్డును విడిగా చూశాను. నెయ్యి.

ఆవు మూత్రం, ఆవు పేడ, ఆవు నెయ్యి. ఆకాశంలో జీవం ఉందని అచ్చు వేయించాం. అక్కడ పశువులపాక ఉందని తేలింది. మా దొర స్ఫటికాలు చూసి ముక్కు మూసుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళాక వాంతి అయింది. పన్నెండేళ్ళుగా జాడీలు తీస్తున్నాను, ఎప్పుడూ కాలేదు.

సరే, దీనికి దారి ఉంది. రాయి నీ చేతికి రాకముందు నాలుగు రోజులు ఆ సామ్యేలు దగ్గర ఉంది. పశువుల దగ్గర పెట్టి ఉంటాడు. నువ్వు మోసపోయావు, అంతే. సవరణలో ఈ వాక్యం చాలు: ‘శిలను కనుగొన్న పంచమ కూలివాని అశుభ్రమైన చేతులవలనను, దానిని పశువులశాలలో నుంచుటవలనను కలిగిన మాలిన్యమే పై ఫలితమునకు కారణము.’ కార్యదర్శి ఒప్పుకున్నాడు. నీ సంతకం పంపు. నీ పేరు చెడదు, నాది చెడదు.

జగన్నాథం


రాజమహేంద్రవరం
1898 మార్చి 26

బావా,

ఆ వాక్యం వేయొద్దు.

సామ్యేలు రాయిని తాకలేదు. కుండతోబాటు చీటీ పెట్టాడు. అందులో ఉన్నది ఇది: ‘అయ్యగారికి నమస్కారములు. చేత్తో ముట్టలేదండి. రెండు కొత్త పెంకులతో ఎత్తి, కుమ్మరి ఆవం నుండి అదే రోజు తెచ్చిన కుండలో పెట్టి, మూకుడు బోర్లించి, మైనము పూసినాను. పాకలో పెట్టలేదండి. బడిలో బీరువా మీద పెట్టినాను.’ నేను చూసినప్పుడు మైనం చెదరలేదు.

ఇంకో సంగతి. ఆ వాక్యం అచ్చయితే అతని అర్జీ చిరిగిపోతుంది. అశుభ్రమైన చేతులవాడిని ప్రయోగశాలలోకి ఎవడు రానిస్తాడు?

పది రోజులు ఆగు.

సూర్యనారాయణమూర్తి


చెన్నపట్నం
1898 ఏప్రిల్ 2

బావా,

ఆగాను. పది రోజుల్లో ఏం మారుతుందో నాకు తెలియడం లేదు.

కుండ కొత్తదే, మైనం చెదరలేదు, సామ్యేలు సత్యహరిశ్చంద్రుడే. అయితే గోమూత్రం ఎక్కడిది? నువ్వు పోశావా? కాలేజీలో ఆవుల్ని కట్టేస్తున్నారా? నువ్వు ఏదో దాస్తున్నావు. పదిహేనేళ్ళుగా నిన్ను ఎరుగుదును. దాచేటప్పుడు నీ వాక్యాలు పొట్టివవుతాయి.

అతను మంచివాడే కావచ్చు. ఒక్క వాక్యం బావా. వాళ్ళ పేటలో ఆ సంచిక ఎవరు చదువుతారు? అతనికి పోయేదేముంది, కూలిపని ఉండనే ఉంది. నీకు మిగిలింది ఈ చదువు ఒక్కటే. నా చెల్లెలు పోయింది, ఇది కూడా పోతే నువ్వేమవుతావో నాకు భయంగా ఉంది.

సంచిక ఇరవై ఐదున అచ్చుకు వెళ్తుంది. ఈలోగా నీ సంతకమైనా రావాలి, వేరే కారణమైనా రావాలి.

జగన్నాథం


రాజమహేంద్రవరం
1898 ఏప్రిల్ 14

బావా,

వేరే కారణం రాస్తున్నాను. ఈసారి పొట్టిగా రాయను.

సామ్యేలు జనవరి పదహారున, ఆదివారం, రాయి తెచ్చాడు. తణుకు నుంచి కాలువ పడవలో నిడదవోలు, అక్కడి నుంచి రైల్లో కొవ్వూరు, స్టీమరులో గోదావరి దాటి. కుండ ఒళ్ళో పెట్టుకునే వచ్చాడు. కాలేజీకి తాళం. మా ఇంటికి వచ్చి వీధిలో నిలబడ్డాడు. కుండ అరుగు మీద పెట్టమన్నాను. పెట్టి వెళ్ళిపోయాడు. మంచినీళ్ళు కావాలా అని నేను అడగలేదు.

రాయి లోపలికి తేవాలన్నాను. అక్కయ్య వీల్లేదంది. “ఆ పేట నుంచి వచ్చిన కుండ నా ఇంట్లోకి రాదు.” రాయిని కాలేజీకి పంపేదాకా నా గదిలో ఉంచుతానన్నాను. “అయితే శుద్ధి చేయనీ” అంది. పంచగవ్యం కలిపింది. ఆవు పాలు, పెరుగు, నెయ్యి, మూత్రం, పేడ. నాకు వడ్డించి, వాకిట్లోకి వెళ్ళి, మైనం ఊడదీసి, మూకుడు తీసి, రాయి మీద పోసింది. చెంచాడు కాదు. చెంబుడు. నేను కూర్చున్న చోటికి కనిపిస్తూనే ఉంది. రాయి అంతా పీల్చుకుంది. నానిన సున్నపుగడ్డలా ఒక పక్క విచ్చుకుంది. పెచ్చులు ఊడడం దాని స్వభావమని నీకు రాశాను. అబద్ధం. నేను మజ్జిగ దాకా తిని లేచాను. తర్వాత రాయిని ఎండలో ఆరబెట్టాను.

పై పొర గీకేస్తే చాలనుకున్నాను. అది కూడా నిజం కాదు. గొట్టంలోంచి ఆ రెండో వాసన వచ్చినప్పుడే అదేమిటో నాకు తెలిసింది. ఆ వాసన నేను పుట్టినప్పటి నుంచీ ఎరిగినదే. లిట్మసు నీలమైతే, నీలమైందని రాసుకున్నాను. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ నీలమైంది. నా వాకిట్లో పోసిన మూత్రానికి ఆకాశమని పేరు పెట్టి నీకు పంపాను. నీకు ఒక్కరోజు వాంతి అయింది. నాకు జనవరి నుంచీ అన్నం ముందు కూర్చుంటే అదే వాసన.

నీ ఉత్తరం వచ్చాక అక్కయ్యను అడిగాను.

“నువ్వు పోసిన దానివల్ల పరీక్ష పాడైందక్కా” అన్నాను.

“గోమూత్రం కంటే శుద్ధమైనది ఏదైనా ఉంటే చెప్పరా. రేపటి నుంచి అదే పోస్తాను.”

“అతను రాయిని ముట్టుకోలేదు.”

“కుండ ముట్టుకున్నాడుగా. అయినా నేను పోస్తుంటే చూస్తూ కూర్చుని దోసకాయ పప్పు మారు వడ్డించుకున్నావు. ఇప్పుడు నన్నంటావేమిటి?”

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

తర్వాత సామ్యేలును కలిశాను. రాయి పడ్డప్పుడు ఇంకేమైనా ముక్క రాలిందా అని అడిగాను. రాలిందట. కందిగింజ పాటివి రెండు. అవి ఆ ఆదివారమే తల్లికి ఇచ్చి దాచమన్నాడట. ఆవిడ ఇక్కడే మిషన్ ఆస్పత్రిలో నర్సు. సువార్తమ్మ. నేను ఆస్పత్రి వెనక వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆవిడ లోపలి నుంచి చిన్న మందుసీసా తెచ్చి ఇచ్చింది. మరిగించిన సీసాయేనండి, భయం లేదండి అంది. లోపల రెండు గింజలు. సీసా మీద కాగితం అలాగే ఉంది. దాని మీద ఆవిడ రాత: ‘వరహాలక్ష్మమ్మగారికి. గంటకొకసారి.’

బావా, పోయినేడు ఊళ్ళో మందు దొరకలేదని నీకు రాశాను. దొరికింది. కలరా తగిలిన రెండో రోజు పొద్దున సువార్తమ్మ తనంతట తానే వచ్చింది. ఆ సీసా, ఒక కూజాలో మరిగించి చల్లార్చి ఉప్పు కలిపిన నీళ్ళు తెచ్చింది. అక్కయ్య వాకిట్లోనే ఆపింది. ఆ చేతి నీళ్ళు తాగితే అమ్మాయికి పరలోకంలో కూడా గతి ఉండదంది. వైద్యుడుగారు వస్తున్నారంది. నేను నడవలో ఉన్నాను. ఏమీ అనలేదు. సువార్తమ్మ గంటసేపు నిలబడి, సీసా, కూజా తీసుకుని వెళ్ళిపోయింది. వైద్యుడుగారు సాయంత్రం వచ్చారు. అప్పటికి ఆయన చేయవలసింది లేదు.

ఆ నీళ్ళతో బతికేదని నేను చెప్పలేను. బతకదని కూడా చెప్పలేను. పరీక్ష జరగనివ్వలేదు.

ఆవిడ సీసా ఇచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు. నేను చూడకుండా ఉండాలని కాగితం చింపలేదు, నేను చూడాలని ఉంచలేదు. సీసాలు తక్కువ, ఉన్నది వాడుకుంది. అంతే.

రెండు గింజలూ పరీక్ష చేశాను. బొగ్గుపదార్థం ఉంది. తారు వాసన వచ్చింది. రెండో వాసన రాలేదు. లిట్మసు మారలేదు. నత్రజని లేదని కాదు. అంత చిన్న ముక్కతో తేల్చలేం. ఆ రాయిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

సవరణ ఇది. నా సంతకం కింద ఉంది. ఇలాగే వేయించు.

‘తణుకు శిలయందు నత్రజనిసంబంధమైన పదార్థము కలదని మేము ప్రకటించినది తప్పు. శిలను కనుగొన్న సామ్యేలు దానిని చేతితో తాకలేదు. శుభ్రమైన కొత్త కుండలో, మూత వేసి తెచ్చినాడు. మాలిన్యము పరీక్షించినవాని ఇంట కలిగినది. క్రైస్తవ పంచముడు తెచ్చిన వస్తువగుటచే శుద్ధి నిమిత్తము దానిపై పంచగవ్యము పోసిరి. పరీక్షించినవాడు అది చూచుచు భోజనము చేసెను.’

ప్రిన్సిపాలుకు కూడా ఒక ప్రతి ఇచ్చాను. ఆయన చదివి, సామ్యేలు అర్జీ మీద సంతకం పెట్టాడు. సామ్యేలుకు నేనే చెప్పాను. అతను “ఈసారి రాయి పడితే మీ ఇంటికి తేనండి, తిన్నగా కాలేజీకే తెస్తానండి” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

సూర్యనారాయణమూర్తి


చెన్నపట్నం
1898 మే 2

మహారాజశ్రీ సూర్యనారాయణమూర్తిగారికి,

మీ ఉత్తరం, ప్రకటన అందాయి.

ప్రకటన సభలో నేనే చదివాను. పంచగవ్యం దగ్గర నవ్వారు. చివరి వాక్యం సభామర్యాదకు తగదని కార్యదర్శి కొట్టేయబోయాడు. కొట్టేస్తే మొత్తం తీసుకుపోతానన్నాను. ఒక్క అక్షరం మారకుండా అచ్చయింది. ఆ వాక్యం, మొదట నేను రాసిన వాక్యం పక్కపక్కన పెట్టుకుని చూశాను. నాది చింపేశాను. అది రాసిన చెయ్యి కూడా శుభ్రమైనది కాదు.

మా బల్ల మీదికి వచ్చే ప్రతి జాడీతోబాటు పోలీసులు ఇంటివాళ్ళ వాంగ్మూలం పంపుతారు. పన్నెండేళ్ళుగా చదువుతున్నాను. మేమేమీ ఎరగం, మందు దొరకలేదు, వైద్యుడు వచ్చేసరికి ఆలస్యమైంది. అవి చదివి ఇంటివాళ్ళను అసహ్యించుకునేవాణ్ణి. మీరు పోయినేడు రాసిన ఉత్తరం కూడా అలాంటిదేనని తట్టలేదు. దాన్ని పట్టుబట్టలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను. ఇప్పుడు పొయ్యిలో వేశాను.

వదినగారిని నేనేమీ అననని చెప్పండి. ఆమెకు తెలిసింది ఆమె చేసింది. మీకు తెలుసు.

నాకు ఒక్కటి తెలియాలి. సువార్తమ్మగారు వాకిట్లో నిలబడి ఉన్న ఆ గంటసేపు మా వరహాలుకు తెలివి ఉందా? నీళ్ళు వచ్చాయని తనకు తెలుసా? తెలిస్తే ఏమంది?

ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ జవాబు తర్వాత మన మధ్య ఉత్తరాలు అక్కర్లేదు.

జగన్నాథం


రాజమహేంద్రవరం
1898 మే 9

జగన్నాథంగారికి,

తెలివి ఉంది. వాకిట్లో మాటలన్నీ విన్నది. “ఎవరో నీళ్ళు తెచ్చారు, ఇప్పించండి” అంది. నేను కదల్లేదు. కాసేపటికి మళ్ళీ అడిగింది. ఈసారి నన్ను పేరు పెట్టి పిలిచి అడిగింది.

పదకొండేళ్ళ కాపురంలో తను నా పేరు పలికింది ఆ ఒక్కసారే.

సూర్యనారాయణమూర్తి